సూర్యాపేట వీధిలో ఫ్రెంచి పిలుపు

సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద సాయంత్రం నడకకు వచ్చేవాళ్లలో కుక్కను వెంటబెట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. మొన్నొక రోజు ఓ పెద్దాయన చేతిలోంచి గొలుసు జారిపోయింది. గోధుమ రంగు కుక్క కట్ట దిగి గడ్డిలోకి ఉరికింది. "ప్రిన్సూ... ఒరేయ్ ప్రిన్సూ..." అని ఆయన రెండుసార్లు పిలిచాడు. అది ఆగింది, వెనక్కి చూసింది, చెవులు వాల్చుకుని తిరిగొచ్చింది. పక్కనే పల్లీలు అమ్ముతున్న అమ్మ కాళ్ల దగ్గర పడుకున్న వీధికుక్క మాత్రం తలెత్తలేదు. దాన్నెవరూ పేరుతో పిలవలేదు.

ఆ పిలుపు నన్ను చాలా దూరం తీసుకుపోయింది. ప్రిన్స్ అంటే యువరాజు అని అందరికీ తెలుసు. ఇంగ్లిషు పేరే కదా అనుకుంటాం. కానీ ఆ మాట ఇంగ్లిషు వాళ్లది కాదు. లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచిలో పెరిగి, అక్కడి నుంచి ఇంగ్లండు చేరింది. కోదాడలో మా బంధువుల ఇంటి ముందు కట్టేసి ఉండే కుక్క పేరు టైగర్. అది ఫ్రెంచి వాళ్ల ‘తీగ్ర్’కు దగ్గరి చుట్టం. మిర్యాలగూడలో ఓ రైసు మిల్లు గేటు దగ్గర ధాన్యం బస్తాల లారీలు వచ్చినప్పుడల్లా మొరిగే కుక్కను కాటా మనిషి జిమ్మీ అంటాడు. జిమ్మీ అంటే జేమ్స్. ఆ జేమ్స్ కూడా పాత ఫ్రెంచి గుమ్మం దాటే ఇంగ్లండులో అడుగుపెట్టాడు. దాని మూలం హీబ్రూ పేరు యాకోబు. బైబిలు కథలో యాకోబు అంటే మడమ పట్టుకున్నవాడు. కవల అన్న మడమ పట్టుకుని పుట్టాడని ఆ పేరు. గేటు దాటబోయిన కొత్త మనిషి మడమ వెంట పడే కుక్కకు ఇంతకన్నా సరిపోయే పేరుంటుందా? పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియకపోయినా పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే పేరు పప్పీ. పిల్ల తెచ్చిన రోజు ‘పప్పీ’ అని పిలుస్తాం. అది ముసలిదై పళ్లు రాలినా పప్పీగానే ఉంటుంది. ఈ మాటకు మూలం ఫ్రెంచి ‘పూపే’ అంటారు భాషావేత్తలు. పూపే అంటే బొమ్మ. ఐదారు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో దొరసానులు ఒళ్లో పెట్టుకుని ఆడించే చిన్న కుక్కను బొమ్మకుక్క అన్న అర్థంలో అలా పిలిచారు. కొంతకాలానికి ఏ కుక్కపిల్లకైనా అదే మాటయింది. మన ఇంట్లో అమ్మాయి ‘నా పప్పీ’ అన్నప్పుడు తెలియకుండానే ‘నా బొమ్మ’ అంటోంది. మన అమ్మలు పసిపిల్లల్ని ‘బొమ్మలా ఉంది’ అని మురిసిపోతారే, అదే ముచ్చట.

ఫ్రెంచి వాళ్లకు ఈ నేల కొత్త కాదు. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారిగా మనం ఎరిగిన హైదరాబాద్–విజయవాడ దారి, అంతకు ముందు గోల్కొండ–మచిలీపట్నం బాట వెళ్లిన దిక్కునే వెళుతుంది. వజ్రాల వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో ఈ దిక్కున ప్రయాణించి, మజిలీల పేర్లు ఒక్కొక్కటీ రాసుకున్నాడు. 1676లో పారిస్‌లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథంలో ఆ పేర్లు ఫ్రెంచి చెవికి వినిపించిన తీరులో ఉంటాయి. అయినా హయత్‌నగర్‌ను గుర్తుపట్టవచ్చు, పంతంగిని గుర్తుపట్టవచ్చు. సూర్యాపేట బస్సు టోల్‌గేటు దగ్గర ఆగే పంతంగి అదే. వజ్రాల గని కొల్లూరును ఆయన ‘కులూర్’ అన్నాడు. 1669లో మచిలీపట్నంలో ఫ్రెంచి కంపెనీ కొట్టు పెట్టుకోవడానికి గోల్కొండ సుల్తాను అనుమతి ఇచ్చాడు. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో హైదరాబాదుకు వచ్చాడు. 1756లో నిజాం సలాబత్‌జంగ్‌తో చెడి చార్‌మహల్‌లో తలదాచుకున్నప్పుడు, ఆయనకు తోడుగా మచిలీపట్నం వైపు నుంచే ఫ్రెంచి పటాలం కదిలొచ్చింది. ఆ తర్వాతి ఏడాది బొబ్బిలి యుద్ధంతో బుస్సీ పేరు మన బుర్రకథల్లోకీ ఎక్కింది.

అన్నిటికన్నా అందమైన ఆనవాలు ఒకటుంది. నిజాం సైన్యాన్ని తీర్చిదిద్దిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. ఆయన్ను ‘మోస్యూ రేమండ్’ అనేవారు. జనం నోట్లో అది నలిగి నలిగి, ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయిందని చెబుతారు. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటాక మూసారాంబాగ్ వస్తుంది. అది ఆ ఫ్రెంచి సేనాని పేరే. పరాయి పేరును మనవాళ్లు ఎంత సొంతం చేసుకుంటారో చెప్పడానికి ఈ ఒక్క ఊరిపేరు చాలు. ప్రిన్స్‌ను ప్రిన్సూ చేసిన నోరూ అదే నోరు. తెలుగువాడి నోట పేరు అచ్చుతో ముగియాలి. లేకపోతే గొంతెత్తి సాగదీయలేం. చెరువు కట్ట మీద నుంచి గడ్డిలోకి వినపడాలంటే చివరి అచ్చు సాగాల్సిందే.

కుక్కల పేర్లలోని ఫ్రెంచి మాత్రం మచిలీపట్నం బాటన రాలేదు. అది చుట్టుదారి పట్టింది. 1066లో ఫ్రాన్సు ఉత్తర తీరం నుంచి నార్మన్లు వెళ్లి ఇంగ్లండును గెలిచారు. రాజుదీ దొరలదీ ఫ్రెంచి, రైతుదీ కూలీదీ ఇంగ్లిషు. వేట దొరల సొత్తు కాబట్టి వేటకుక్కల మాటలు చాలావరకు ఫ్రెంచి నుంచే దిగాయి. కుక్కల కొట్టాన్ని కెన్నెల్ అంటాం, మెడకు కట్టే తాడును లీష్ అంటాం. రెండూ అలా వచ్చినవే. టెర్రియర్ అనే పేరులో ‘తేర్’ ఉంది. అంటే నేల. నక్క వెంట బొరియలోకి దూరే కుక్క కాబట్టి నేలకుక్క. స్పానియల్ అంటే స్పెయిన్ దేశపు కుక్క. మాస్టిఫ్ మాటకు మూలార్థం మచ్చికైనది. ఆ తర్వాత ఇంగ్లిషు దొరలు మన దేశానికొచ్చారు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలిసింది. వాళ్ల బంగళాల్లో కుక్కలు పెరిగాయి, బంగళా పేర్లు పట్నంలోకి పాకాయి, పట్నం నుంచి తాలూకా ఊళ్లకు చేరాయి. తెల్ల సిపాయిలను టామీలనేవారు. మన ఊళ్లలో కుక్కలకు ఆ పేరు ఎంతగా స్థిరపడిందంటే, 2015లో రాజేంద్రప్రసాద్ నటించిన తెలుగు సినిమాలో కుక్క పేరూ సినిమా పేరూ ‘టామీ’యే. టామీ అంటే థామస్. అరామిక్ భాషలో కవల అని అర్థం.

మరి అసలు ఫ్రెంచి వాళ్లు తమ కుక్కలకు ఏ పేర్లు పెట్టుకున్నారు? ఇక్కడే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగింది. వాళ్ల పేర్ల వెనుక మనకు బాగా తెలిసిన మనసే కనిపించింది.

మనకు రాజు, టామీ ఎలాగో ఫ్రెంచి వాళ్లకు మెదోర్ అలాగ. కుక్క అనగానే నోటికొచ్చే పేరు. అది ఇటలీ కవి అరియోస్తో 16వ శతాబ్దంలో రాసిన వీరకావ్యంలోని ఓ యువకుడి పేరు. యుద్ధంలో పడిపోయిన ఏలిక శవాన్ని వదలకుండా ప్రాణాలకు తెగించినవాడు. పాటల నాటకాల దారిన ఆ పేరు ఫ్రాన్సులో ఇంటింటికీ చేరింది, మనుషుల్ని దాటి కుక్కల్ని చేరింది. 1830 జూలై తిరుగుబాటులో పారిస్‌లోని లూవ్ర్ దగ్గర చనిపోయిన వాళ్లను అక్కడే పాతిపెట్టారు. వాళ్లలో తన యజమాని ఉన్నాడని ఓ కుక్క ఆ సమాధిని వదల్లేదట. జనం దాన్ని చూడటానికి తండోపతండాలుగా వచ్చారు. దాని పేరూ మెదోరే. కావ్యంలో ఏలిక శవాన్ని వదలని వాడి పేరు, మూడు వందల ఏళ్ల తర్వాత యజమాని సమాధిని వదలని కుక్కకు దక్కింది.

ఇంకో పాత పేరు అజోర్. 1771లో గ్రెత్రీ స్వరపరచిన ‘జెమీర్, అజోర్’ అనే సంగీత నాటకంలో శాపం వల్ల వికృత రూపం దాల్చిన రాకుమారుడి పేరది. మన జానపద కథల్లో పాముగా మారిన రాకుమారుడి లాంటివాడు. రూపం మృగానిది, గుండె మనిషిది. కుక్కలో జనం చూసుకున్నదీ అదే కాబోలు. నెపోలియన్ భార్య జోసెఫీన్ పెంచిన చప్పిడి ముక్కు కుక్క పేరు ఫోర్త్యునే. అంటే అదృష్టవంతుడు. విప్లవకాలంలో ఆమె జైల్లో ఉన్నప్పుడు దాని మెడపట్టీ కింద చీటీలు దాచి పంపేవారని, 1796లో పెళ్లయిన రాత్రి మంచం దిగనని మొరాయించి నెపోలియన్‌ను కరిచిందని చెప్పుకుంటారు.

ఇవి కథల్లోంచి వచ్చిన పేర్లు. మామూలు ఇళ్ల పేర్లు మరీ దగ్గర. నల్లకుక్కను నువారో అంటారు. మన నల్లోడు, కర్రోడు. అందమైనది బెల్. విశ్వాసపాత్రురాలు ఫిదెల్. బిజూ అంటే నగ. గడుగ్గాయి ఫీలూ. అర్ధరాత్రి లాంటి నలుపుంటే మినుయి. గారాలు పోయేది కాలీన్. పసిపిల్లలు కుక్కను ‘తూతూ’ అంటారు. మన పల్లెల్లో తూతూ అని కుక్కను దగ్గరికి పిలిచేవాళ్లను మీరు విని ఉంటారు. రెండు భాషలకూ చుట్టరికం లేదు. పెదాలు ముందుకు చాచి చేసే ఆ చప్పుడు కుక్కకు ఇష్టమని రెండుచోట్లా మనుషులు కనిపెట్టారు. ఇంకా చిత్రం, ఒకప్పుడు మన మధ్యతరగతి ఇళ్లలో ఎక్కడ చూసినా కనిపించిన తెల్ల బొచ్చుకుక్క, మనవాళ్లు పామేరియన్ అనేది, ఫ్రెంచిలో దాని పేరు లూలూ. తోడేలును ఫ్రెంచిలో ‘లూ’ అంటారు. దాన్నే ముద్దుగా రెండుసార్లు అంటే లూలూ. పిల్లల్నీ అలాగే పిలుచుకుంటారు. గుప్పెడు బొచ్చుముద్దకు తోడేలు పేరు పెట్టడం, మనం బక్క కుక్కకు టైగర్ అని పేరు పెట్టడం ఒకే ఆశలోంచి పుట్టాయి. ఇంటికి కాపలాగా పులి ఉందని దొంగ అనుకోవాలి.

పేరుకు ఇంత విలువ ఇచ్చిన వాళ్లు కాబట్టే వాటిని బొమ్మల్లోకీ ఎక్కించారు. 1702లో పద్నాలుగో లూయీ తన వేట మందలోని మూడు ఆడకుక్కల బొమ్మ గీయమని చిత్రకారుడు దెపోర్త్‌ను కోరాడు. బొన్, నొన్, పొన్ అనే ఆ మూడు పేర్లనూ బొమ్మ మీద వాటి పక్కనే బంగారు అక్షరాలతో రాయించాడు. బొన్ అంటే మంచిది, నొన్ అంటే సన్యాసిని. గోల్కొండ కోట ఔరంగజేబు చేతిలో పడి అప్పటికి పదిహేనేళ్లు. అంతకు ముందు మూడు శతాబ్దాల వెనక్కి వెళితే గాస్తోన్ ఫెబూస్ అనే ఫ్రెంచి జమీందారు కనిపిస్తాడు. 1387లో ఆయన వేట మీద గొప్ప గ్రంథం మొదలుపెట్టాడు. ఇటు మన సీమలో అది రాచకొండ, దేవరకొండలను రేచర్ల పద్మనాయకులు ఏలుతున్న కాలం. ఆ గ్రంథంలో ఒక మాట నన్ను బాగా పట్టుకుంది. వేట నేర్చుకోబోయే కుర్రవాడికి మొదటి పాఠం విల్లు కాదు, గుర్రం కాదు. మందలో ప్రతి కుక్క పేరూ, దాని రంగూ రాసుకోవాలి. చూడగానే పేరు చెప్పగలిగేదాకా చదవాలి. కొట్టం శుభ్రం చేయడం, గడ్డి మార్చడం, నీళ్లు పెట్టడం ఆ తర్వాత.

ఆ అలవాటు ఫ్రాన్సులో ఇప్పటికీ ఓ పద్ధతిగా సాగుతోంది. 1885 నుంచి అక్కడ జాతికుక్కల పుట్టుక వివరాలు నమోదు చేసే పుస్తకం ఉంది. 1926లో దానికో నియమం చేర్చారు. ఒక ఏడాదిలో పుట్టిన కుక్కలన్నిటికీ ఒకే అక్షరంతో పేరు మొదలుకావాలి. 2025లో పుట్టిన కుక్కపిల్లల అక్షరం ‘ఎ’. పేర్లు దొరకడం కష్టమని కె, క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్‌లను పక్కన పెట్టారు. మిగిలినవి ఇరవై. పేరు వినగానే వయసు తెలిసిపోతుంది. మనకిది వింతగా తోచకూడదు. అశ్విని నక్షత్రంలో పుట్టిన బిడ్డకు చూ, చే, చో, లా అక్షరాల్లో పేరు వెతికే జాతి మనది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్లను పేర్లతో లెక్కపెట్టుకునే జాతి మనది. వాళ్ల ఇరవై అక్షరాల చక్రం మూడుసార్లు తిరిగితే మన ఒక చక్రం పూర్తవుతుంది.

ప్రపంచమంతా ఎరిగిన ఓ ఫ్రెంచి కుక్కపేరు యుద్ధంలోంచి పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో ఊలు దారంతో రెండు బుల్లి బొమ్మలు చేసేవారు. అమ్మాయి నెనెత్, అబ్బాయి రాంతాంతాం. వాటిని దగ్గర పెట్టుకుంటే బాంబు తగలదని నమ్మకం. సిపాయిల జేబుల్లో పిల్లలు అవే పెట్టేవారు. 1918 సెప్టెంబరులో ఫ్లిరే అనే ఊళ్లో, బాంబులకు కూలిన కుక్కల కొట్టంలో, లీ డంకన్ అనే అమెరికా సిపాయికి అప్పుడే పుట్టిన కుక్కపిల్లలు దొరికాయి. రెండింటిని ఉంచుకుని వాటికి ఆ బొమ్మల పేర్లే పెట్టాడు. నెనెత్ దక్కలేదు. రెండోది అమెరికా వెళ్లి ‘రిన్ టిన్ టిన్’గా మూగ సినిమాల తార అయింది. సినిమా సంస్థ వార్నర్ బ్రదర్స్‌కు కాసులు కురిపించింది. 1932లో చనిపోయాక దాని సమాధి పారిస్ శివారు ఆనియేర్‌లో ఉన్న జంతువుల శ్మశానంలో వెలిసింది. అదృష్టం తెచ్చే బొమ్మ పేరు మరోసారి కుక్కకు దక్కింది. పప్పీ కథా బొమ్మతోనే మొదలైంది కదా.

జాతుల పేర్లలోనూ ఫ్రెంచి వాళ్ల చూపు తెలుస్తుంది. పెద్ద చెవులు రెక్కల్లా విచ్చుకున్నదాన్ని పాపియోం అన్నారు, సీతాకోకచిలుక. పొట్టికాళ్లది బాసే, కురచది. బ్రీ సీమది బ్రియార్. మనం రాజపాళయం, ముధోల్ అని ఊరిపేర్లతో జాతిని పిలిచినట్టే. మనం పూడిల్ అనే ఉంగరాల బొచ్చుకుక్కను వాళ్లు కనీష్ అంటారు. కాన్ అంటే ఆడబాతు. నీళ్లలో పడ్డ బాతులను ఈదుకెళ్లి తెచ్చేది కాబట్టి బాతుకుక్క అన్నమాట. ఇది చదివినప్పుడు నాకు కొల్లేటి జోనంగి గుర్తొచ్చింది. ముడతల నుదురు, పొట్టి బొచ్చు ఉన్న ఆ తెలుగుదేశపు కుక్క కొల్లేటి చుట్టూ బాతుల మందలను తోలేది. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దాని పని పోయింది. పనితో పాటు కుక్కా తగ్గిపోయింది. కనీష్ ప్రపంచమంతా సోఫాల మీద కూర్చుంది, జోనంగి తన సొంత జిల్లాలోనే అరుదైంది. దీన్ని తలచుకుంటే నాకు బాధేస్తుంది. జోనంగి అన్న పేరును కూడా మన పిల్లలకు నేర్పడం లేదు.

పనిచేసే కుక్కల మాటొస్తే సూర్యాపేటకు తిరిగి రావాలి. పట్నం దాటగానే రహదారి పక్కన దురాజ్‌పల్లి. అక్కడి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. యాదవుల జాతర, గొల్లగట్టు జాతర అని కూడా అంటారు. ఒగ్గు డోళ్లు, గజ్జెల లాగులు, ‘ఓ లింగా... ఓ లింగా...’ అన్న కేకలు. రహదారి మీద బండ్లను దారి మళ్లించాల్సినంత జనం. గొర్లు మేపి బతికిన కులాల పండగ ఇది. గొర్లకాపరి వెంట గొంగడి, కర్ర ఎంత సహజమో కుక్క అంత సహజం. మంద ఊరి బయట చేన్లో పడుకున్న రాత్రి తోడేలు రాకుండా చూసేది అదే. ఆ కుక్కకు జాతి చీటీ లేదు, మెడపట్టీ లేదు. పేరు మాత్రం ఉంటుంది. ఎర్రోడు, మచ్చలోడు, రాజిగాడు. చీకట్లో కాపరి ఆ పేరొకటి పలికితే చాలు, మంద అవతలి కొస నుంచి బదులొస్తుంది.

ఫ్రాన్సు, స్పెయిన్ సరిహద్దున పిరెనీస్ కొండలున్నాయి. అక్కడి కాపరుల తెల్లటి భారీ కుక్కను పటూ అంటారు. ‘పాస్త్ర్’ అంటే కాపరి. ఆ మాటలోంచే పటూ వచ్చింది. కాపరి కుక్కకు కాపరి పేరే దక్కింది. ఫ్రాన్సులో తోడేళ్లు తుడిచిపెట్టుకుపోయి, 1992లో ఇటలీ వైపు నుంచి ఆల్ప్స్ కొండల్లోకి తిరిగొచ్చాయి. దాంతో మూలపడ్డ పటూకు మళ్లీ పని దొరికింది. మందను కాయడానికి ఇలాంటి కుక్కలు పెంచే కాపరులకు ప్రభుత్వం ఖర్చులో సాయం చేస్తుంది. తెలంగాణలో 2017లో గొర్ల పంపిణీ పథకం వచ్చింది, మంచిదే. ఆ మందను కాసే కుక్కకు టీకా, నాలుగు పూటల తిండి కూడా ఆ లెక్కలో ఉండాల్సిందని నేను గట్టిగా అనుకుంటాను.

కుక్క పేరు నుంచి ఎండకు పేరొచ్చిన సంగతి కూడా చెప్పాలి. ఫ్రెంచిలో వడగాడ్పుల రోజులను ‘కనికూల్’ అంటారు. కనికులా అంటే లాటిన్‌లో చిన్నకుక్క. మనం మృగవ్యాధుడు అనే నక్షత్రాన్ని వాళ్లు కుక్క నక్షత్రం అన్నారు. అది సూర్యుడితో పాటు ఉదయించే రోజుల్లో ఎండలు మండుతాయని ఆ పేరు. మనం రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. మన ఎండకు కార్తె పేరు, వాళ్ల ఎండకు కుక్క పేరు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. అదే ఏడాది ఆగస్టులో కనికూల్ ఫ్రాన్సులో సుమారు 15,000 మందిని బలి తీసుకుంది.

ఇదంతా చదివి ఎవరైనా, కుక్కకు పేరు పెట్టే ముచ్చట దొరలదే అనుకుంటే పొరపాటు. మన సంప్రదాయంలో కుక్క పేరు వేదకాలానిది. దేవతల ఆవులను వెతికిన సరమ రుగ్వేదంలో ఉంది. ఆమె సంతతి కాబట్టి కుక్కకు సారమేయం అన్న పేరు. అంటే మన గ్రాంథిక భాషలో జాతికే ఒక కుక్క పేరు నిలిచింది. ఆ సరమ తెలుగు మహాభారతంలోనూ తొలి ఘట్టాల్లోనే ఎదురవుతుంది. తప్పు చేయని తన బిడ్డను జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, రాజు ముందు నిలబడి అడుగుతుంది. నన్నయ ఆమె నోట పలికించిన మాటలు ఏ తల్లీ సిగ్గుపడాల్సినవి కావు. రాజుకు బదులు లేకపోయింది.

రాళ్ల మీదా పేర్లున్నాయి. కర్ణాటకలోని ఆతకూరు శాసనం క్రీ.శ. 949–50 నాటిది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మనలేరుడిని గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. అతను భూమి అడగలేదు, కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కాళి ఓ అడవి పందితో తలపడి దాన్ని చంపి తానూ చచ్చింది. దానికి రాయి నిలిపి, పూజ కోసం భూమి కూడా రాసిచ్చారు. తమిళనాడు ఎడుత్తనూరులో ఏడో శతాబ్దపు వీరగల్లు మీద వీరుడి పక్కనే అతని కుక్క చెక్కి ఉంది. దొంగలను కరిచి పట్టిన ఆ కుక్క పేరు కోవివన్ అని రాయి చెబుతోంది. దెపోర్త్ బంగారు అక్షరాలకు వెయ్యేళ్ల ముందు మాట ఇది. 15వ శతాబ్దపు కబీరు తనను తాను రాముడి కుక్కనని, పేరు ముతియా అని చెప్పుకున్నాడు. ముతియా అంటే మోతీ, ముత్యం. ఉర్దూ నీడన పెరిగిన మన తెలంగాణ పల్లెల్లో మోతీ అన్న పిలుపు ఎన్ని వాకిళ్లలో వినలేదు!

పేరు పొట్టిగా ఉండాలని గ్రీకు జెనోఫోన్ రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందటే చెప్పి, నలభైకి పైగా పేర్ల జాబితా ఇచ్చాడు. రోమన్ కొలుమెల్లా పేరు మరీ పొడుగ్గా ఉండొద్దు, రెండు అక్షరాలకు తగ్గొద్దు అన్నాడు. సరమ, కాళి, మోతీ, మెదోర్, రాజు, పప్పీ. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే అందరూ ఆ లెక్కకే వచ్చారు. పిలవడానికి సులువు, కుక్క గుర్తుపట్టడానికి సులువు.

సద్దుల చెరువు దగ్గర పడుకున్న ఆ కుక్కకు అలాంటి పిలుపు ఒకటి కావాలి. పేరున్న కుక్కకు టీకా వేయించాలని ఎవరో ఒకరికి తోస్తుంది. పేరున్న కుక్క రెండు రోజులు కనపడకపోతే ‘ఏమైంది?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. పేరు లేనిది ‘వీధికుక్కలు’ అనే బహువచనంలో కలిసిపోతుంది. మొన్న మళ్లీ వెళ్లినప్పుడు పల్లీల అమ్మను అడిగాను. "పేరేం లేదు బిడ్డా, నల్లది గద, కర్రి అని పిలుస్త" అంది. ఆ మాటకు కుక్క తలెత్తింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులకు ఓ విన్నపం. మీ ఇంట్లో, మీ తాతల ఇంట్లో, మీ ఊరి మందల వెంట తిరిగిన కుక్కల పేర్లు ఇప్పటికీ చెప్పగలిగే పెద్దలున్నారు. ఫెబూస్ కుర్రవాడు రాసుకున్నట్టు రాసుకోండి. పేరు, రంగు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు. ఓ నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీస్తే చాలు. ఈ ఆదివారమే అడగండి.